పంచదార కరిగితే అది ద్రవీభవనమా?

సందేహం: ఉన్నత పాఠశాలలో భౌతిక రసాయన శాస్త్రం చెబుతున్నాను. పదార్థ స్థితుల పాఠం పూర్తయ్యాక పెట్టిన పరీక్షలో ఒక అమ్మాయి ‘పంచదార నీటిలో ద్రవీభవించింది’ అని రాసింది. తప్పని కొట్టేశాను. ‘కరగడాన్నే ద్రవీభవనం అంటారని మీరే చెప్పారు కదండీ, పంచదార కరగదా?’ అని అడిగింది. సైన్సు పరంగా సమాధానం చెప్పాను కానీ, భాష విషయంలో నాకే అనుమానం మిగిలిపోయింది. రెండు వేర్వేరు మార్పులకు ‘కరగడం’ అనే ఒకే మాట వాడటం తెలుగులోని లోపమా? ఆవిరి చల్లారి నీరు కావడం కూడా ద్రవంగా మారడమే కదా, దాన్ని ద్రవీభవనం అనకుండా సాంద్రీకరణం అనడం ఎందుకు? కర్పూరం ద్రవం కాకుండానే ఆవిరై పైకి ఎగిరిపోతూ ఉంటే, ఆ మార్పును చెప్పే ‘ఉత్పతనం’లోకి పతనం ఎలా వచ్చింది?

సమాధానం: అమ్మా, మీ విద్యార్థిని తర్కంలో దోషం లేదు. కరగడం, ద్రవీభవనం ఒకటేనని ఆమె నేర్చుకుంది, నేర్చుకున్నదాన్ని సక్రమంగానే ప్రయోగించింది. సరిచేయవలసింది ఆ సమీకరణాన్ని. ద్రవీభవనమంతా, అంటే ఘనం వేడికి ద్రవం కావడమంతా, కరగడమే. కరగడమంతా మాత్రం ద్రవీభవనం కాదు. తెలుగు మాటకు పరిధి పెద్దది, పాఠ్యపుస్తకంలోని మాటకు చిన్నది.

‘కరుగు’ అనే క్రియ మన కంటికి కనబడేదాన్ని చెబుతుంది. గట్టిగా, తన రూపంతో ఉన్న వస్తువు ఆ రూపం పోగొట్టుకుని జారిపోయినా, మరొకదానిలో కలిసి కనబడకుండా పోయినా మనకు అది కరగడమే. నెయ్యి, మైనం, మంచు, బంగారం కరుగుతాయి. ఉప్పు, పంచదార, పటిక కూడా కరుగుతాయి. ఏ కారణంతో కరిగిందన్నది క్రియలో ఉండదు, పక్కనున్న మాట చెబుతుంది. ‘నెయ్యి వేడికి కరిగింది’, ‘ఉప్పు నీళ్ళలో కరిగింది’ అన్న వాక్యాలు చూడండి. మొదటిదానిలో ‘కు’, రెండోదానిలో ‘లో’. మైనం ఎండకు, సెగకు, నిప్పుకు కరుగుతుంది. బెల్లం పాలలో, నీళ్ళలో, పులుసులో కరుగుతుంది. మీరు తరగతిలో చెప్పే భేదాన్ని తెలుగువాళ్ళు ఏనాటి నుంచో విభక్తితో చూపిస్తూనే ఉన్నారు. క్రియ ఒకటే అయినంత మాత్రాన భావం కలగాపులగం కాలేదు. దీన్ని లోపం అనడానికి నేను ఒప్పుకోను.

పిల్లలకు ఈ తేడా మనసులో నాటాలంటే ఉప్పును మించిన ఉదాహరణ లేదు. ఉప్పును నీళ్ళలో వేస్తే గది వేడిమి దగ్గరే కరుగుతుంది. అదే ఉప్పు ద్రవీభవించాలంటే 801 డిగ్రీల సెల్సియస్ కావాలి. అప్పుడు తయారయ్యేది ఉప్పునీరు కాదు, నీటి చుక్క లేని ఉప్పు ద్రవం. పంచదార సంగతి ఇంకా చిక్కు. దాదాపు 186 డిగ్రీల దగ్గర అది ద్రవం కావడంతోపాటు విచ్ఛిన్నం కావడం కూడా మొదలవుతుంది. అందుకే పొడి మూకుడులో పంచదార కరిగిస్తే ఎర్రబడి, వాసన మారి, క్రమంగా చేదెక్కుతుంది. నీళ్ళలో కరిగిన పంచదార మాత్రం, నీరంతా ఇగిరిపోతే, మళ్ళీ పంచదారగానే దొరుకుతుంది.

విభక్తి చెప్పే ఈ సూచన ఒక్కచోట దారి తప్పిస్తుంది. ‘ఐసుముక్క నీళ్ళలో కరిగింది’ అన్నప్పుడు ‘లో’ ఉన్నా జరిగింది ద్రవీభవనమే. ఐసు ఆ నీళ్ళ నుంచి వేడిని తీసుకుని నీరవుతుంది. సున్నా డిగ్రీల మంచు ఒక గ్రాము సున్నా డిగ్రీల నీరుగా మారడానికి సుమారు 80 కెలోరీల వేడి కావాలి. నీళ్ళు చల్లబడటానికి ముఖ్యమైన కారణం అదే. ఇక్కడి ‘లో’ కేవలం చోటును చెబుతోంది. పరీక్షలో ఈ వాక్యం ఇచ్చి, ఇది ఏ రకం కరగడమో చెప్పమని అడిగితే బాగుంటుంది.

మరి సంస్కృత పదాలు తెచ్చుకున్నాం కదా, అవైనా పూర్తిగా విడివిడిగా ఉన్నాయా అంటే, లేవు. ద్రవం, ద్రవీభవనం, ద్రావణం, ద్రావణి, ద్రావితం అన్నీ ‘ద్రు’ అనే ఒక్క ధాతువు నుంచే వచ్చాయి. పరుగెత్తడం, ప్రవహించడం దాని అర్థం. మనం ‘కరుగు’తో చేసిన పనినే సంస్కృతం ‘ద్రు’తో చేసింది. వాటిని వేరుచేసినది శాస్త్ర పరిభాష. కరిగి కలిసిపోవడానికి ‘విలీనం’ అనే మంచి మాట ఉంది కదా అని మీకు తోచవచ్చు. దాన్ని రసాయన శాస్త్రం ఇప్పటికే గాఢత తక్కువైనవాటికి కేటాయించింది. విలీన సల్ఫ్యూరిక్ ఆమ్లం అంటే నీరు ఎక్కువ కలిసిన ఆమ్లం. అందుచేత నీటిలో కలవడానికి ‘కరగడం’ అనీ, వేడికి ద్రవం కావడానికి ‘ద్రవీభవనం’ అనీ మీరు తరగతిలో కట్టుబాటు పెట్టుకోవచ్చు. మామూలు మాటల్లో రెండింటినీ కరగడం అన్న పిల్లవాణ్ణి మాత్రం తప్పుపట్టవద్దు.

రెండో ప్రశ్న నాకు చాలా ఇష్టమైనది. దీనికి ముందు ద్రవీభవనంలోని ‘ఈ’కారం కథ తెలుసుకోవాలి. ద్రవ, భవనం కలిస్తే ద్రవభవనం కావాలి. మధ్యలో దీర్ఘమైన ‘ఈ’ ఎక్కడిది? అది చ్వి ప్రత్యయం వల్ల వచ్చింది. అంతకుముందు అలా లేనిది అలా కావడం అనే అర్థంలో, చేయడం, కావడం, ఉండటం అనే అర్థాలున్న ధాతువుల పక్కన ఈ ప్రత్యయం వస్తుంది. తాను కనబడకుండా పోతూ, ముందున్న అకారాన్ని ఈకారంగా మార్చిపోతుంది. పాణిని ‘అస్య చ్వౌ’ అన్న సూత్రంలో చెప్పింది ఈ మార్పునే. ఘనీభవనం, బాష్పీభవనం, జాతీయీకరణం, ఆధునికీకరణం అన్నీ ఈ బాపతే. భవనం ఉంటే తనంతట తాను కావడం, కరణం ఉంటే ఒకరు చేయడం.

ఇప్పుడు మీ ప్రశ్నకు వద్దాం. చ్వి చెప్పేది ‘ఇంతకుముందు ద్రవం కాదు, ఇప్పుడు అయింది’ అన్నంతవరకే. ఇంతకుముందు ఘనమా, వాయువా అన్నది అది చెప్పదు. కాబట్టి వ్యుత్పత్తి ప్రకారం ఆవిరి నీరు కావడం కూడా నూటికి నూరుపాళ్ళూ ద్రవీభవనమే. మీ సందేహం న్యాయమైనది. శాస్త్ర వ్యవహారం మాత్రం ఆ మాటను ఘనం నుంచి ద్రవం కావడానికే పరిమితం చేసింది. మన వ్యాకర్తలు ఇలాంటివాటిని యోగరూఢాలు అన్నారు. బురదలో పుట్టినదంతా పంకజమే కావాలి, అయినా తామరనే పంకజం అంటాం. ద్రవీభవనం కూడా అలా ఒకదానికే స్థిరపడిన పదం. వాయువును ఒత్తిడి పెట్టో, చల్లబరచో ద్రవంగా మార్చడానికి ద్రవీకరణం అనే మాట ఉంది. మన వంటింటి సిలిండరులో ఉన్నది ద్రవీకృత పెట్రోలియం వాయువు. అందులోనూ ఉన్నది అదే చ్వి, అదే ఈకారం.

సాంద్రీకరణంలోని సాంద్ర అంటే చిక్కనిది, దట్టమైనది. ఆవిరి నీరవడాన్ని ఈ మాట చక్కగా పట్టుకుంది. సాధారణ పీడనంలో లీటరు నీరు 100 డిగ్రీల దగ్గర మరిగి ఆవిరైతే 1,600 లీటర్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. అంత విస్తరించినది మళ్ళీ లీటరులోకి దగ్గరపడటమే సాంద్రీకరణం. నాకు ఒక్క అసంతృప్తి ఉంది. తెల్లవారుజామున గడ్డిపరకల మీద నీటిబొట్టు ఏర్పడటం ఎవరో చేస్తున్న పని కాదు, దానంతట అది జరుగుతుంది. అందుకని సాంద్రీభవనం అనడమే సరైనది. ఘనీభవనం, బాష్పీభవనం, ద్రవీభవనం అన్నవాళ్ళు ఇక్కడ మాత్రం కరణం వేశారు. ఇంతగా పాతుకుపోయిన మాటను ఇప్పుడు పెకలించమని అనను కానీ, ఒక విద్యార్థి సాంద్రీభవనం అని రాస్తే దయచేసి మార్కు తగ్గించకండి.

అచ్చతెలుగులో దీనికి చెమర్చడం అనే మాట ఉంది. ఐసు వేసిన గ్లాసు బయట చెమరుస్తుంది. ఇక్కడా జాగ్రత్త అవసరమే. ఎండాకాలంలో మట్టికుండ చెమర్చడం వేరు. అది లోపలి నీరు సన్నని రంధ్రాల గుండా ఊరి బయటికి రావడం. గ్లాసు మీది తడి గాలిలోని ఆవిరి నుంచి వచ్చినది. కరగడం లాగే ఇదీ కంటికి కనబడే ఫలితాన్ని చెప్పే క్రియ.

అలాగని తెలుగు క్రియలు ఎప్పుడూ మోటుగా ఉంటాయనుకోకండి. ద్రవం ఆవిరి కావడం దగ్గర మన భాష ఎంత నిశితమో చూడండి. పాలు కాగుతాయి, నీళ్ళు మరుగుతాయి, పప్పు ఉడుకుతుంది. కూరలో నీరు ఇగురుతుంది, నేలలో నీరు ఇంకుతుంది, బట్టలు ఆరతాయి, చెరువు ఎండుతుంది. కాగడం అంటే వేడెక్కడం. కాగిన నూనె మరిగిన నూనె కానక్కర్లేదు. మరగడం ద్రవం మొత్తంలో జరిగేది, నీటి విషయంలో సముద్రమట్టం దగ్గర 100 డిగ్రీలకు. ఆరడం ఏ వేడిమి దగ్గరైనా పైపొర నుంచి జరిగేది. ఇగిరితే నీరు పైకి పోతుంది, ఇంకితే కిందికి పోతుంది. ఈ రెండింటినీ ఇప్పుడు పత్రికల్లో ఒకదాని బదులు మరొకటి వాడేస్తున్నారు. ‘ఎండలకు జలాశయంలో నీరు ఇంకిపోయింది’ అని రాస్తే, నీరు భూమిలోకి పోయిందో గాలిలోకి పోయిందో పాఠకుడికి తెలియదు. కొన్ని పాఠ్యపుస్తకాలు బాష్పీభవనంతోపాటు ‘ఇగురుట’ అని కూడా రాయడం నాకు సంతోషం. వంటింట్లో ఇగురు తెలిసిన పిల్లకు ఆ ఒక్క మాటతో సగం పాఠం వచ్చేస్తుంది.

ద్రవత్వాన్ని గురించి మన పాత తర్కశాస్త్రం చెప్పినది కూడా మీకు పనికొస్తుంది. 17వ శతాబ్దానికి చెందిన అన్నంభట్టు తర్కసంగ్రహంలో ద్రవత్వాన్ని ఒక గుణంగా లెక్కించాడు. ఒక వస్తువు మొట్టమొదట జారడానికి కారణమైన గుణం అది. దాన్ని రెండు రకాలుగా విభజించాడు. నీటికి సహజంగా ఉన్నది సాంసిద్ధికం. నెయ్యికీ బంగారానికీ నిప్పు తగలడం వల్ల కలిగేది నైమిత్తికం. మీ పాఠంలోని ద్రవీభవనం ఈ నైమిత్తికానికి చాలా దగ్గర. నీటికి కూడా మంచు, నీరు, ఆవిరి అనే మూడు స్థితులు సమానమేనన్నది మాత్రం ఆధునిక దృష్టి.

ఈ సందర్భంలోనే ఒక హెచ్చరిక. ఆ తర్కశాస్త్రం చెప్పే పృథివి అంటే ఘనం, జలం అంటే ద్రవం, వాయువు అంటే వాయుస్థితి, తేజస్సు అంటే ప్లాస్మా (వాయువు విద్యుదావేశమున్న కణాలుగా విడిపోయిన స్థితి) అని కొందరు జతపరుస్తున్నారు. వినడానికి ముచ్చటగా ఉన్నా అది నిలవదు. ఆ తర్కంలో నెయ్యి కరిగి ప్రవహిస్తున్నా పృథివే, జలం కాదు. చేతిలో గట్టిగా ఉన్న బంగారం తేజస్సు. వారు వస్తువులను విభజించింది గంధం, రూపం, స్పర్శ వంటి గుణాలను బట్టి. మనం విభజిస్తున్నది కణాల అమరికనూ కదలికనూ బట్టి. రెండింటినీ కలిపితే రెండూ అర్థం కావు.

ఇక ఉత్పతనం. తెలుగులో పతనం అంటే పడిపోవడమే కనుక మీకు ఎబ్బెట్టుగా అనిపించింది. సంస్కృతంలో ‘పత్’ ధాతువుకు పడటంతోపాటు ఎగరడం అనే అర్థమూ ఉంది. పక్షిని పతగం, పతత్రి అనేది అందుకే. ముందు చేరిన ‘ఉత్’ పైకి అని చెబుతుంది. కాబట్టి ఉత్పతనం అంటే పైకి ఎగరడం. పాదరసాన్ని శుద్ధిచేసే రసశాస్త్రంలో కూడా ఈ ధాతువుతో ఏర్పడిన పాతనం అనే ప్రక్రియ ఉంది. పాదరసాన్ని వేడిచేసి ఆవిరిగా పైకి పంపి పట్టుకుంటే ఊర్ధ్వపాతనం, కిందికి దింపితే అధఃపాతనం, పక్కకు మళ్ళిస్తే తిర్యక్పాతనం.

ఉత్పతనానికి ఉదాహరణగా హారతి కర్పూరాన్ని చాలామంది చెబుతారు. వాడుకలో కూడా ‘హారతి కర్పూరంలా హరించుకుపోయింది’ అంటాం. పళ్ళెంలో వెలిగించిన కర్పూరం మండుతోంది, అది దహనం. దాన్ని ఉదాహరణగా చెప్పవద్దు. మూత సరిగా పెట్టని డబ్బాలో రోజురోజుకూ చిన్నదవుతున్న కర్పూరం బిళ్ళనూ, బీరువాలో బట్టల మధ్య వేసిన కలరా ఉండలనూ చూపించండి.