మైదానం ముచ్చట్లు: క్వార్టర్‌బ్యాక్ అందకపోతే బంతి దారి మూసెయ్

ప్రశ్న: సార్, నేను డిగ్రీ రెండో ఏడాది. ఆదివారాలు సికింద్రాబాద్‌లో ఫ్రెండ్స్‌తో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడతాను. నాది డిఫెన్సివ్ ఎండ్ పొజిషన్ (డిఫెన్స్ లైన్ చివర్నుంచి దూసుకెళ్లేవాడు), ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. ఎంత స్పీడుగా దూసుకెళ్లినా నేను చేరేలోపే అవతలి జట్టులో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ పాస్ విసిరేస్తున్నాడు. మ్యాచంతా ఉత్త పరుగే. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: నీ స్పీడులో లోపం లేదు బాబూ, అవతలివాళ్ల ప్లానే అది. బంతి అందుకుని మూడడుగులు వెనక్కి వేసి విసిరే పాస్‌కి రెండు సెకన్లు కూడా పట్టవు. మధ్యలో నీకంటే బరువైనవాడు అడ్డం. అమెరికాలోని ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడేవాళ్లే అలాంటప్పుడు మనిషి మీద ఆశ వదులుకుని, బంతి వెళ్లే దారికి చెయ్యి అడ్డం పెడతారు.

ఆ చెయ్యి ఎప్పుడు లేపాలన్నదే అసలు సంగతి. క్వార్టర్‌బ్యాక్ బంతిని రెండు చేతులతో ఛాతీ దగ్గర పట్టుకుంటాడు. విసరాలంటే రెండో చెయ్యి బంతిని వదలక తప్పదు. నీ చూపంతా ఆ రెండో చేతి మీదే ఉండాలి. అది విడిపోగానే నీ చెయ్యి పైకి లేవాలి. పంప్ ఫేక్ ఇచ్చేవాడు, అంటే విసిరినట్టు నటించేవాడు, చాలాసార్లు రెండు చేతులూ బంతి మీదే ఉంచి భుజం ఆడిస్తాడు, దానికి మోసపోకు. నేను వాలీబాల్ నుంచి వచ్చినవాణ్ణి. బ్లాక్‌కి వెళ్లేటప్పుడు బంతిని కాదు, స్మాష్ కొట్టేవాడి భుజాన్ని చూడమని పిల్లలకి చెప్పేవాణ్ణి. ఇక్కడా అదే లెక్క. కాకపోతే ఇక్కడ ఊరికే ఎగరొద్దు. కాళ్లు గాల్లో ఉండగా అడ్డం ఉన్నవాడు ఒక్క తోపు తోస్తే అంతే, క్వార్టర్‌బ్యాక్ నీ పక్కనుంచే పరిగెత్తిపోతాడు.

ఒక్క చెయ్యే లేపు. రెండు చేతులకంటే ఒక్కటే ఎక్కువ ఎత్తు అందుతుంది, పైగా రెండోది ఎదుటివాణ్ణి ఆపడానికి మిగులుతుంది. రెండూ లేపితే డొక్కలు ఖాళీ, అక్కడే గుద్దుతారు. కుడిచేతి వాటం క్వార్టర్‌బ్యాక్ నీకు ఎదురుగా ఉంటే అతను విసిరే చెయ్యి నీ ఎడమ చేతి వైపు ఉంటుంది. కాబట్టి లేవాల్సింది ఎడమ చెయ్యి. అలవాటుకొద్దీ అందరూ కుడి చెయ్యే లేపుతారు.

ఎత్తు గురించి బెంగ వద్దు. నీ చెయ్యి నిలువుగా చాస్తే ఏడడుగులు దాటుతుంది. దగ్గరి పాస్‌లు చదునుగా, ముందు వరసలో నిలబడే లైన్‌మెన్ సందుల్లోంచి వస్తాయి. అందుకే నీ చేతులు లేవకుండా చూడ్డానికి కొందరు నీ మోకాళ్ల మీదికి పడతారు. అప్పుడు కాళ్లు వెనక్కి లాక్కుని, వాడి భుజాలు కిందికి నొక్కి, వెంటనే తల పైకెత్తు.

జేజే వాట్ అనే డిఫెన్సివ్ ఎండ్ 2012 సీజన్‌లో హ్యూస్టన్ టెక్సన్స్ తరఫున 16 పాస్‌లు అలా చెడగొట్టాడు. 6 అడుగుల 5 అంగుళాల మనిషి, నిజమే. కానీ అదే ఏడాది 20.5 సాక్‌లు (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) కూడా అతని ఖాతాలో ఉన్నాయి. అంటే చెయ్యి లేపడం కోసం దూసుకెళ్లడం మానలేదు. నువ్వూ మానకు.

చెయ్యి దించేటప్పుడు మాత్రం జాగ్రత్త. అది క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌కి గట్టిగా తగిలితే 15 గజాల పెనాల్టీ. సాయంత్రాలు ఫ్రెండ్‌ని నాలుగడుగుల దూరంలో బంతితో నిలబెట్టి, ఫేక్‌లు కలిపి విసరమను. చెయ్యి విడిపోయినప్పుడే నువ్వు కదలాలి.

ప్రశ్న: డాలస్‌లో మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు టీవీలో ఒక మ్యాచ్ చూశాం. డిఫెన్స్ వాళ్లు తట్టిన బంతిని విసిరినాయనే పట్టుకున్నాడు. అది చెల్లుతుందా అండీ?
– ఒక పాఠకురాలు, వనస్థలిపురం

జవాబు: చెల్లుతుందండీ. డిఫెన్స్ చెయ్యి తగిలాక ఆ పాస్‌ని ఎవరైనా పట్టుకోవచ్చు. క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫార్వ్ 1992లో ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పూర్తి చేసిన మొదటి పాస్ తనకి తానే అందుకున్నది, అదీ 7 గజాల నష్టంతో! 2018 జనవరిలో కాన్సస్ సిటీ జట్టు మీద మరో క్వార్టర్‌బ్యాక్ మార్కస్ మారియోటా అలాగే తిరిగొచ్చిన బంతితో టచ్‌డౌన్ (బంతిని అవతలి చివరి గీత దాటించడం) చేసేశాడు. మల్కాజిగిరి బాబూ, ఇది నీక్కూడా: బంతి తట్టేశానని చేతులు ఊపుతూ నిలబడకు, గాల్లో ఉందేమో చూసి నువ్వే పట్టుకో.