పర్లాకిమిడి దగ్గర సా పామెట్టో పంట వేయవచ్చా? ప్రొస్టేట్‌కు ఆ కాయ పనిచేస్తుందా?

పర్లాకిమిడి పక్కన మీకున్న రెండెకరాల ఎర్రనేలలో సా పామెట్టో అనే అమెరికా తాటిజాతి మొక్కను పెంచి కాయలు అమ్ముకోవచ్చా అనీ, మీ నాన్నగారి మూత్ర సమస్యకు ఆ కాయ పనికివస్తుందా అనీ అడిగారు. ఆ కాయతో చేసిన మందును కొంతకాలం వాడినవాడిని, ఆ మొక్కను కుండీలో పెంచుతున్నవాడిని కనుక నాకు తెలిసింది చెబుతాను. పంటగా మాత్రం వేయకండి.

ప్రొస్టేట్ గ్రంథి పెరిగి రాత్రిళ్ళు పదేపదే లేవవలసి వస్తున్న రోజుల్లో మా అల్లుడు అమెరికా నుంచి ఈ సా పామెట్టో గుళికలు తెచ్చి ఇచ్చాడు. ఒకదాన్ని కత్తిరించి చూస్తే లోపల ముదురు రంగు నూనె, ముక్కిపోయిన నెయ్యి వాసన. ఈ కాయలో గుణమంతా కొవ్వు ఆమ్లాలలోనూ, స్టెరాల్స్ అనే కొవ్వులాంటి పదార్థాలలోనూ ఉంటుందని, అవి నీటిలో కరగవని చెబుతారు. కాబట్టి ఏ కాయ దొరికినా కషాయం కాచే మన అలవాటు దీనికి పనికిరాదు. భోజనం తర్వాత క్రమం తప్పకుండా వేసుకున్నాను. కడుపులో కాస్త వికారం తప్ప చెప్పుకోదగిన మార్పేమీ కనిపించలేదు. నా ఒక్కడి అనుభవమే అయితే ఇంత గట్టిగా చెప్పేవాణ్ణి కాదు. అమెరికాలో 225 మంది పురుషులను తీసుకుని, వారిలో సగం మందికి రోజుకు 320 మిల్లీగ్రాముల చొప్పున ఏడాది పాటు ఇచ్చి 2006లో ప్రకటించిన పరీక్షలోనూ, 369 మందిని తీసుకుని, వారిలో సగం మందికి మోతాదును 960 మిల్లీగ్రాముల దాకా పెంచి 2011లో ప్రకటించిన పరీక్షలోనూ, మందు లేని ఉత్తుత్తి గుళిక వేసుకున్న మిగతావారికంటే వీరికి మేలు ఎక్కువగా కలగలేదు. చివరకు బరంపురంలో డాక్టరు స్కానింగు, పీఎస్ఏ అనే ప్రొస్టేట్ రక్తపరీక్ష చేయించి, మూత్రం సాఫీగా రావడానికి టామ్సులోసిన్ అనే మందు రాసిన తర్వాతే నాకు నిద్ర పట్టింది. మీ నాన్నగారికి కూడా ముందు ఆ పరీక్షలు చేయించండి. రక్తం పలచబడే మందులు వాడుతూ ఉంటే డాక్టరును అడగకుండా ఈ గుళికలు ఇవ్వవద్దు. మూత్రం పూర్తిగా ఆగిపోయినా, అందులో రక్తం కనిపించినా ఆ పూటే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఇక సాగు సంగతి. ఇది ఫ్లోరిడా, జార్జియా ప్రాంతాల ఇసుకనేలల్లో నేలబారుగా పాకే పొట్టి తాటిజాతి మొక్క. అక్కడ కూడా తోటలు వేయడం అరుదు; ఆగస్టు నుంచి అక్టోబరు దాకా నల్లబడిన కాయలను అడవుల్లోనే ఏరుతారు, ఫ్లోరిడాలో 2018 నుంచి దానికి అనుమతిపత్రం తప్పనిసరి చేశారు. గింజ మొలకెత్తడానికే నెలలు పడుతుంది, కాపుకు ఏళ్ళు పడుతుంది. ఎండకూ ఉప్పుగాలికీ తట్టుకుంటుంది కనుక బరంపురం దగ్గరి గోపాల్‌పూర్ సముద్రతీరం వైపు ఇసుకనేలలో బతకవచ్చునేమో గాని, వానాకాలం నీరు నిలిచే మడిలో దీనిని నాటాలని నేననను. నా కుండీలోని మొక్క ఏడాదంతా చూసినా పెరిగినట్టే కనిపించదు; మట్టి మార్చబోతే ఆకుకాడ అంచున ఉన్న ముళ్ళు చేతిని గీరేస్తాయి. అందానికి ఒకటి పెంచుకోవచ్చు, అంతే.

ఆ రెండెకరాలకు జీడిమామిడే మేలు. తాటిజాతి చెట్టే కావాలనుకుంటే గట్ల మీద ఈత, కొండవాలున జీలుగు వేసుకోండి. అయితే జీలుగు కాయను సా పామెట్టోకు బదులుగా మందుకని ఎవరైనా చెబితే నమ్మకండి. దాని గుజ్జులో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, ఒట్టి చేతులతో నలిపినా విపరీతమైన దురద పుడుతుంది.