జీలుగ, రైజోబియంతో సీసం, కాడ్మియం పట్టిన పొలం శుభ్రపడుతుందా?

మీ ప్రశ్న సారాంశం ఇదీ: రెండెకరాలకు ఏళ్ల తరబడి పరిశ్రమల కాలువ నీళ్లు పారాయి. ల్యాబులో చూపిస్తే సీసం, కాడ్మియం ఎక్కువున్నాయన్నారు. విత్తనానికి రైజోబియం (పప్పుజాతి మొక్కల వేళ్లకు బుడిపెలు కట్టి, గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బ్యాక్టీరియా) పట్టించి జీలుగ చల్లి, పూత దశలో కలియదున్నితే మూడేళ్లలో లోహాలు పోతాయని వీడియోలో చూశారు. నిజమేనా అని అడిగారు.

పోవు. అందులోనూ కలియదున్నితే అసలే పోవు. మొక్క పీల్చిన కాస్త లోహాన్ని నాగలి మళ్లీ అదే మట్టిలో కలుపుతుంది. ఆ వీడియో తీసినాయన ఇంత చిన్న సంగతి ఎలా మరిచిపోయాడో నాకు అర్థం కాదు. అలాగని పప్పుజాతి మొక్కలు, వాటి వేళ్లలో ఉండే బ్యాక్టీరియా ఇలాంటి నేలకు పనికిరావని కాదు. చాలా పనికొస్తాయి, కాకపోతే వాటి పని వేరు.

నేను ఎమ్మెస్సీ అగ్రికల్చర్‌లో నేల సూక్ష్మజీవుల గురించి చదువుకున్నాను. సంగారెడ్డి జిల్లాలో మా మేనమామ భూమిదీ మీ పరిస్థితే. "దుకాణంల రైజోబియం ప్యాకెట్ దొరుకుతది గదరా, కలిపి చల్లితే అయిపోదా?" అని మామ కూడా అడిగాడు. అప్పుడు ఆయన ముందు కాగితం మీద వేసిన లెక్కే మీకూ చెబుతాను.

ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 9 లక్షల కిలోలుంటుంది. కిలో మట్టికి 5 మిల్లీగ్రాముల కాడ్మియం ఉందనుకుందాం. అంటే ఎకరంలో మొత్తం నాలుగున్నర కిలోలు. జీలుగ బాగా వస్తే ఎండు బరువులో ఎకరానికి 2 టన్నులు అనుకోండి. ఆ ఆకూ కాడల్లో కూడా కిలోకు 5 మిల్లీగ్రాములే చేరితే, మొత్తం కోసి బయట పారేసినా పోయేది 10 గ్రాములు. నాలుగున్నర కిలోలు ఖాళీ కావాలంటే 450 పంటలు వేయాలి! మీ రిపోర్టులో ఉన్న అంకె పెట్టి మీరూ వేసి చూడండి. సీసమైతే మరీ అన్యాయం, అది వేరు దాటి పైకి ఎక్కడమే చాలా తక్కువ.

మరి వీటి పని ఏమిటంటే, లోహాన్ని ఉన్నచోటే కట్టిపెట్టడం. దుమ్మై లేవకుండా, వానకు కొట్టుకుపోకుండా, మేతలోకి ఎక్కకుండా చూడటం. దీనికి అందరూ చెప్పే ఉదాహరణ స్పెయిన్‌ది. 1998 ఏప్రిల్ 25న సెవిల్ దగ్గర అజ్నాల్‌కోయర్ గనిలో వ్యర్థాల ఆనకట్ట తెగి, గ్వాదియమార్ నది వెంట సుమారు 4,500 హెక్టార్లలో ఆర్సెనిక్, సీసం, జింకు, కాడ్మియం ఉన్న బురద పరుచుకుంది. ముందు వాళ్లు యంత్రాలతో బురదనీ పై మట్టినీ ఎత్తిపోశారు. తర్వాత సున్నపు పదార్థాలు, సేంద్రియ ఎరువులు కలిపి చెట్లు నాటారు. వ్యవసాయం, మేత ఆపేసి ఆ నేలను పచ్చని రక్షిత ప్రాంతంగా మార్చారు. అక్కడే సెవిల్ విశ్వవిద్యాలయం వాళ్లు లూపిన్ అనే పసుపు పూల పప్పుజాతి మొక్కను, లోహాలను తట్టుకునే బ్రాడీరైజోబియం (రైజోబియం లాంటిదే), ఇంకో రెండు రకాల బ్యాక్టీరియా పట్టించి పెంచారు. 2010లో వచ్చిన వాళ్ల ఫలితాల్లో నాకు బాగా నచ్చిందేమిటంటే, బ్యాక్టీరియా పట్టించిన మొక్కలు ఏపుగా పెరిగాయి, కానీ వాటిలో చేరిన లోహం తగ్గింది. శుభ్రం చేయడమంటే పీల్చేయడమే అనుకునేవాళ్లకు ఇది ఓటమిలా కనిపిస్తుంది. నిజానికి అదే విజయం, ఎందుకంటే గొర్రె వచ్చి ఆ మొక్కను కొరికినా దాని కడుపులోకి తక్కువ పోతుంది.

మన దేశంలోనూ ఇదే దారిలో పని జరిగింది. నాగ్‌పూర్ దగ్గర గుమ్‌గావ్ మాంగనీసు గని దిబ్బల మీద నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్లు చక్కెర మిల్లు మడ్డి వేసి, నత్రజని బ్యాక్టీరియా, వేళ్లతో కలిసి బతుకుతూ మొక్కకు మేలు చేసే శిలీంధ్రం పట్టించిన మొక్కలు నాటి అడవి లేపారు. గని దిబ్బలో నత్రజని దాదాపు ఉండదు కాబట్టి అక్కడ పప్పుజాతి చెట్లు ముందు నిలబడతాయి. వాటి ఆకు రాలి కుళ్లితే మిగతావి వస్తాయి.

ఇక ప్యాకెట్ సంగతి. లోహాల దెబ్బ మొక్క కంటే ముందు, దాని వేళ్లకు బుడిపెలు కట్టే మట్టి బ్యాక్టీరియాకు తగులుతుంది. ఇంగ్లండులో వోబర్న్ అనే చోట 1942 నుంచి 1961 దాకా ఒక ప్రయోగ క్షేత్రానికి మురుగునీటి మడ్డి వేశారు. వేయడం ఆపేసి ఏళ్లు గడిచాక చూస్తే, ఆ మట్టిలో తెల్ల క్లోవర్ అనే పప్పుజాతి మేత మొక్కకు బుడిపెలు కట్టాయి గానీ నత్రజని అందలేదు. పనిచేసే రకాలన్నీ చచ్చి, బుడిపె కట్టి ఊరికే కూర్చునే రకం ఒక్కటే మిగిలింది.

మామ పొలంలో కాలువ పక్క మడిలో నేను చూసిందీ అలాంటిదే. జీలుగ పసుపు రంగుకు తిరిగి గిడసబారింది. పీకి బుడిపెను గోటితో చీలిస్తే లోపల తెల్లగా ఉంది. ఆరోగ్యంగా ఉన్న బుడిపె లోపల గులాబీ రంగు కనిపించాలి, మన రక్తంలోని హిమోగ్లోబిన్ లాంటి పదార్థమే ఆ రంగుకు కారణం. ప్యాకెట్ కల్చర్ (అందులో పెంచి అమ్మే బ్యాక్టీరియా) పట్టించి చల్లిన వరసల్లో తేడా ఏమీ రాలేదు. ప్యాకెట్ కొనేటప్పుడు ఇంకో మాట, వేరుశనగకు ఇచ్చే కల్చర్ జీలుగకు పనిచేయదు, ఏ పంట ప్యాకెట్ ఆ పంటకే. మాకు పనిచేసింది వేరే. అదే చెడ్డ మడిలో అక్కడక్కడా పచ్చగా నిలిచిన మొక్కలుంటాయి కదా, వాటి గులాబీ బుడిపెలు ఏరి ల్యాబులో ఉన్న నా స్నేహితుడికి ఇచ్చాను. అతను వాటి నుంచి తీసిన బ్యాక్టీరియాను బెల్లం పాకంతో విత్తనానికి పట్టించి నీడలో ఆరబెట్టి చల్లాం. మడిలో చాలా భాగం పచ్చబడింది. కాలువ గట్టునే ఉన్న పట్టీలో మాత్రం అదీ పనిచేయలేదు.

చెడ్డ నేలలోనే గట్టి బ్యాక్టీరియా దొరుకుతుందనడానికి ఫ్రాన్సులో ఇంకా పెద్ద ఉదాహరణ ఉంది. దక్షిణాన సాఁ లోరాఁ ల మినియే దగ్గర పాత జింకు గని మీద ఆంథిల్లిస్ అనే చిన్న పప్పుజాతి మొక్క దానంతటదే పెరుగుతుంది. దాని బుడిపెల్లో దొరికిన కొత్త జాతికి 2009లో మీసోరైజోబియం మెటాలిడ్యురాన్స్ అని పేరు పెట్టారు. ఆ మొక్క ఆకుల్లో జింకు ఎండు బరువులో ఒక శాతం దాకా చేరగలదు. ఇలా పీల్చే మొక్కలు అరుదు, మన జీలుగ అలాంటిది కాదు. జపాన్‌లో వరి మడుల కాడ్మియం కోసం, మనం పిల్లిపెసర వేసినట్టు వాళ్లు వేసే గెంగె మొక్క బ్యాక్టీరియాలో మనిషి జన్యువు నుంచి తయారుచేసిన లోహాన్ని పట్టే ప్రొటీన్ పెట్టి చూశారు. బుడిపెలో కాడ్మియం పేరుకుంది. ఆలోచన అద్భుతమే గానీ జన్యుమార్పిడి బ్యాక్టీరియాను మీరు పొలంలో చల్లేది కాదు.

రైతుకు అందేది మరొకటుంది. జీలుగలో సెస్బేనియా రోస్ట్రేటా అనే ఆఫ్రికా రకానికి కాండం మీదే బుడిపెలు కడతాయి. మట్టికి పైన ఉంటాయి కాబట్టి మట్టిలోని లోహం వాటిని నేరుగా తాకదు. చైనాలో సీసం, జింకు గని వ్యర్థాల మీద దీన్ని పెంచి చూశారు. మన దగ్గర ఒకప్పుడు వరికి పచ్చిరొట్టగా ప్రచారం చేశారు, విత్తనం కోసం వ్యవసాయ పరిశోధన కేంద్రంలో అడగండి.

చాలామంది చెప్పని చిక్కు ఒకటి. నత్రజని తామే తయారుచేసుకునే పప్పుజాతి మొక్కలు వేళ్ల నుంచి ఆమ్లం వదులుతాయి. నేల పుల్లబడితే కాడ్మియం, జింకు కరిగి మొక్కకు ఇంకా సులువుగా అందుతాయి. సున్నం ఉన్న నల్లరేగడి దీన్ని తట్టుకుంటుంది. ఎర్ర నేల, పీహెచ్ (నేల పులుపును చూపే అంకె, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6 లోపు ఉంటే మాత్రం ముందు సున్నం వేయకుండా జీలుగ జోలికి పోవద్దు.

నేనైతే మీ స్థానంలో ముందు ఆ కాలువ నీళ్లు ఆపుతాను. అది ఆగకపోతే మిగతాదంతా వృథా. మామూలు భూసార కార్డులో సీసం, కాడ్మియం రావు కాబట్టి ల్యాబులో మొత్తం లోహంతో పాటు మొక్కకు అందే లోహం ఎంతో కూడా విడిగా అడిగి రాయించుకోండి. పశువులను తోలొద్దు. ఆకుకూరలు వద్దు, వేరుశనగ కూడా వద్దు, గింజలోకి కాడ్మియం బాగా ఎక్కుతుంది. మామ చివరికి కాలువ వైపు పట్టీ అంతా కానుగ పెట్టాడు. అదీ పప్పుజాతే, పశువులు పెద్దగా ముట్టవు, నూనె తినేది కాదు. ఒక్క జాగ్రత్త, మన ఊళ్లలో కానుగ రొట్ట కొట్టి వరి మడిలో తొక్కే అలవాటుంది కదా, ఈ చెట్ల రొట్టను మాత్రం ఇంకో మడికి పోనివ్వకూడదు. పొయ్యిలోకి కూడా వద్దు.

రెండెకరాలూ ఒకేలా చెడిపోయి ఉండవు. కాలువ దగ్గర, మధ్యలో, దూరపు గట్టున విడివిడిగా మట్టి తీయించి, పీహెచ్‌తో సహా అంకెలు ఇక్కడ పెట్టండి. ఏ ముక్క పంటకు ఉంచుకోవచ్చో, ఏది చెట్లకు వదిలేయాలో అప్పుడు చెప్పగలను.