పాత శిల్పాల ఫొటోలు తీసేటప్పుడు

అమ్మాయీ,

పాత శిల్పాలకు త్రీడీ మోడల్స్ చేసే పనిలో చేరావని తెలిసి చాలా సంతోషించాను. నాకు తెలిసింది కాస్త రాస్తున్నాను.

కెమెరా బయటికి తీసేముందు శిల్పం చుట్టూ తీరిగ్గా తిరిగి చూడు. ఎక్కడ పెచ్చులూడుతోంది, ఎక్కడ అతుకు వేశారు, అన్నీ రాసుకో. తర్వాత ట్రైపాడ్ వేసి, తక్కువ ఐఎస్‌ఓలో (వెలుతురుకు కెమెరా స్పందించే తీరును తగ్గించి), కెమెరా పట్టినదాన్ని మార్పుల్లేకుండా దాచే రా ఫార్మాట్‌లో తియ్యి. పక్కపక్క ఫొటోల్లో కనీసం 60 శాతం, వీలైతే 80 శాతం ఒకే భాగం పడాలి. రెండింట్లోనూ ఉన్న గుర్తులను పోల్చుకునే సాఫ్ట్‌వేర్ ఆకారాన్ని లెక్కగడుతుంది. మధ్యలో జూమ్ కదపకు. పక్కన స్కేలు పెట్టడం మరిచిపోతే మోడల్ ఎంత బాగా వచ్చినా శిల్పం జానెడో నిలువెత్తో తెలియదు. రంగుల కోసం కలర్ చార్ట్ ఉండాలి.

అసలు కష్టమంతా వెలుతురుతోనే. మోడల్ కోసమైతే మెత్తటి వెలుతురు అన్నివైపులా సమానంగా పడాలి, లేదంటే నీడలు కూడా రాతి రంగులో కలిసిపోతాయి. అరిగిపోయిన శాసనానికి దీనికి పూర్తిగా వ్యతిరేకం. లైటును రాయికి దాదాపు ఆనించినట్టు ఓ పక్క నుంచి వేసి చూడు. ఎదురుగా నిలబడితే నున్నటి బండలా కనిపించిన చోట సన్నటి నీడలు లేచి, గీతలు ఒక్కొక్కటే అక్షరాలవుతాయి. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది! కెమెరా కదపకుండా లైటు చోటు మాత్రం మారుస్తూ తీస్తే ఆర్‌టీఐ (రిఫ్లెక్టెన్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఇమేజింగ్) అనే పద్ధతిలో ఆ వెలుగును తర్వాత కంప్యూటర్‌లోనూ తిప్పి చూడొచ్చు. ఫ్రేములో ఓ నల్లటి మెరిసే గోళీ ఉంచు, లైటు ఎటునుంచి పడిందో దానిమీది మెరుపే చెబుతుంది.

ఇక గ్రాఫిక్స్. చెవి వెనకో, వస్త్రం మడతల్లోనో కెమెరాకు అందని చోట సాఫ్ట్‌వేర్ తనంతట తాను పూడ్చేస్తుంది. విరిగిన చేతిని మనమే అతికించాలనీ అనిపిస్తుంది. అతికించు, కాదనను. కానీ వేరే ఫైలులో, వేరే రంగులో చెయ్యి. ఏ ఆధారంతో చేశావో రాయి. వారసత్వ సంపదను కంప్యూటర్‌లో చూపించడానికి రాసుకున్న నియమావళి, 2009 నాటి లండన్ చార్టర్ కోరేదీ ఇదే. ఊహను ఉన్నదానిలో కలిపేస్తే తర్వాత విడదీయడం ఎవరితరమూ కాదు.

అఫ్గానిస్తాన్‌లోని బామియాన్ బుద్ధ విగ్రహాలను 2001లో తాలిబన్లు పేల్చేశారు. తర్వాత జ్యూరిక్‌లోని ఈటీహెచ్ అనే విశ్వవిద్యాలయం పరిశోధకులు పెద్ద విగ్రహానికి మోడల్ చేయగలిగారంటే 1970లో సర్వే కెమెరాతో తీసిన ఫొటోలు భద్రంగా ఉండబట్టే. అందుకే మోడల్ అయిపోయిందని రా ఫైళ్లు చెరిపేయకు. మూడు కాపీలు ఉంచు, అందులో ఒకటి వేరే ఊళ్లో. ఏ వస్తువు, ఏ తేదీ, ఏ లెన్స్ అన్నది ఆ రోజే రాసిపెట్టు.

ఆశీస్సులతో,
పెదనాన్న