అద్దం వెనక కుక్కపిల్లలు ఎటుపోయాయి?

పోయిన సంచికలో ఎవరో కుందేలు పళ్ల గురించి అడిగితే చెప్తూ చెప్తూ మాటల్లో "నేను షాపులో ప్రాణుల్ని అమ్మడం మానేశాను కాబట్టి" అని ఒక ముక్క రాసేశా, ఇక చూస్కోండి, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే. కొందరు మంచి పని చేశారన్నారు, కొందరు తిట్టారు, ఒకాయనైతే ఇన్నేళ్లు అమ్మి సంపాదించుకుని ఇప్పుడు నీతులా అన్నాడు, ఆ మాటలో తప్పేం లేదు. అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే.

ప్రశ్న: చిన్నప్పుడు పెట్ షాప్ అంటే గుమ్మం దగ్గరే పక్షుల గోల, అద్దం వెనక ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోయే కుక్కపిల్లలు, లోపల చేపల తొట్లు. ఇప్పుడు ఏ షాప్‌కి వెళ్లినా ఫీడ్ బస్తాలు, బెల్టులు, షాంపూలే. చట్టాలొచ్చి మూయించేశాయా, లేక జనమే కొనడం మానేశారా? - ఒక పాఠకుడు

జవాబు: రెండూ నిజమే గానీ అసలు కథ అంతకంటే ముందే మొదలైందండి, గల్లాపెట్టె దగ్గర. బయటివాళ్లకి తెలియని సంగతేంటంటే పెట్ షాపులో ప్రాణుల మీద మిగిలేది ఎప్పుడూ తక్కువే. కుక్కపిల్ల అద్దం వెనక ఉంటే దారిన పోయేవాళ్లు ఆగుతారు, లోపలికొస్తారు, కొంటే ఇక ఆ తర్వాత పన్నెండేళ్లు దాని ఫీడు, బెల్టు, పేలమందు మన దగ్గరే కొంటారు, లాభం అక్కడ. అంటే పిల్ల ఎర, ఫీడు బస్తా వ్యాపారం. ఎప్పుడైతే ఆ బస్తా ఫోన్‌లో నొక్కితే ఇంటికి రావడం మొదలైందో ఎర మిగిలింది, చేప పోయింది.

పైగా ఈ సరుకు ఎలాంటిదో చూడండి. డబ్బా ఫీడు ఆర్నెల్లు షెల్ఫులో పెట్టినా అడగదు, ప్రాణమున్న సరుకు పొద్దున్నే అడుగుతుంది, షాపు మూసిన సెలవు రోజు కూడా అడుగుతుంది, తిన్నది తీసి కడగాలి, కరెంటు పోతే చేపలకి గాలి ఆడదు, ఒక పక్షికి జబ్బొస్తే పక్క పంజరాలన్నీ లెక్కలోంచి పోయినట్టే. అన్నిటికంటే దారుణం ఏంటంటే కుక్కపిల్ల రెండు నెలలప్పుడు అందరికీ ముద్దు, నాలుగో నెల వచ్చేసరికి కాళ్లు సాగి చెవులు వేలాడి ఎవరూ చూడరు, ధర తగ్గించాలి, అంటే అది సరిగ్గా నేర్చుకునే వయసంతా అద్దం వెనకే గడిచిపోతుంది. కుక్కపిల్ల మనుషులకీ చప్పుళ్లకీ అలవాటు పడేది దాదాపు మూడో వారం నుంచి పద్నాలుగో వారం లోపే, ఆ టైమ్‌లో అది చూసిందంతా అద్దం మీద కొట్టే చేతులు. ఇంటికెళ్లాక భయపడి కరిస్తే తప్పు దానిదంటారు. ఈ ఒక్కటి నేను చాలా ఆలస్యంగా అర్థం చేసుకున్నా.

ఇంకో మాట, పెద్ద పెద్దవాళ్లు కూడా మానేశారు. లండన్‌లో హారడ్స్ అనే పెద్ద స్టోర్లో 1917 నుంచి పెంపుడు జంతువుల విభాగం ఉండేది, 1969లో అక్కడ ఇద్దరు కుర్రాళ్లు సింహం పిల్లనే కొనుక్కెళ్లారు, అవును సింహాన్నే, అప్పట్లో అడ్డు చెప్పేవాడు లేడు. ఆ సింహాన్ని చివరికి కెన్యా తీసుకెళ్లి అడవిలో వదలాల్సొచ్చింది. 2014లో ఆ విభాగమే మూసేశారు.

ప్రశ్న: పెట్ షాపుల్లో ప్రాణుల అమ్మకం బ్యాన్ అంటున్నారు, అన్ని ప్రాణులా? అన్ని దేశాల్లోనా? - డిగ్రీ చదివే పాఠకురాలు

జవాబు: లేదమ్మా, దేశానికో రకం, ఊరికో రకం. ఎక్కువ చోట్ల కుక్కలు, పిల్లులు, కొన్నిచోట్ల కుందేళ్లు, అంతవరకే. అమెరికాలో ఆల్బుకర్కీ లాంటి నగరాలు 2006లోనే మొదలుపెట్టాయి. కాలిఫోర్నియా 2019 నుంచి షాపుల్లో కుక్కా పిల్లీ కుందేలూ దిక్కులేని జంతువుల్ని చూసుకునే షెల్టర్ నుంచో రెస్క్యూ సంస్థ నుంచో వచ్చినవే ఉండాలంది, వెంటనే కొందరు రెస్క్యూ అని పేరు పెట్టుకుని అమ్మకం కోసం ఈతలు వేయించే అవే బ్రీడర్ల పిల్లల్ని తెచ్చి అమ్మారు, అందుకే 2021 నుంచి రూల్ ఇంకా బిగించారు. న్యూయార్క్ రాష్ట్రంలో 2024 డిసెంబర్ నుంచి అమలైంది.

ఇంగ్లండ్‌ది వేరే దారి, నాకు అదే నచ్చింది. లూసీ అని ఒక కుక్క ఉండేది, పిల్లల కోసం ఈత మీద ఈత వేయించి నడుము వంగిపోయిన స్థితిలో 2013లో బయటికి తెచ్చారు, 2016లో చనిపోయింది. దాని పేరు మీదే లూసీ చట్టం అంటారు, 2020 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది, ఆరు నెలల లోపు కుక్కపిల్లనీ పిల్లికూననీ మధ్యవర్తి అమ్మడానికి లేదు, పెంచినవాడే అమ్మాలి, అదీ పుట్టిన చోట తల్లితో పాటు చూపించి. గమనించారా, ఇక్కడ షాపు అనే మాట కంటే తల్లి అనే మాట ముఖ్యం. కొనేవాడికి తల్లి కనబడితే ఆ తల్లి ఎలా ఉందో కూడా కనబడుతుంది కదా, దాచడానికి ఉండదు.

ఫ్రాన్స్ 2024 జనవరి నుంచి షాపుల్లో కుక్కలు పిల్లులు ఆపేసింది. అక్కడ ఇంకో పద్ధతి కూడా ఉంది, జంతువు తీసుకునేవాడు ముందు దాని అవసరాలు తెలుసని ఒక కాగితం మీద సంతకం పెట్టాలి, ఆ తర్వాత ఏడు రోజులు ఆగాలి. ఈ ఏడు రోజుల రూల్ నా షాపులో పెట్టి ఉంటే సగం బేరాలు పోయేవి, ఒట్టు. పిల్ల ఏడిస్తే అప్పటికప్పుడు కొనిచ్చేవాళ్లే ఎక్కువ.

భారత్‌లో బ్యాన్ కాదు, 2018లో పెట్ షాపుల నియమాలు వచ్చాయి, రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేయించుకోవాలి.

కొన్ని రూల్స్ జాలితో కాదు జబ్బుల భయంతో వచ్చినవి. బుల్లి తాబేళ్లని పిల్లలు నోట్లో పెట్టుకుని సాల్మొనెల్లా అనే కడుపు జబ్బు తెచ్చుకుంటున్నారని అమెరికాలో నాలుగంగుళాల కంటే చిన్న డిప్ప ఉన్నవాటి అమ్మకం 1975లోనే ఆపారు. 2003లో అక్కడే ఘనా నుంచి తెచ్చిన ఎలుకలని ప్రెయిరీ డాగ్స్ (కుక్కలు కావు, ఉడతల జాతి) పక్కన ఉంచితే వాటికి మంకీపాక్స్ అంటుకుని, కొన్న మనుషులదాకా వచ్చింది, నలభై ఏడు కేసులు. ఎక్కడెక్కడివో ప్రాణుల్ని ఒకే గదిలో పెట్టడం, మా వ్యాపారం మొత్తం అదే కదా మరి.

ప్రశ్న: ఫోన్‌లో ఫొటో చూసి కుక్కపిల్లని కొన్నాం, రోడ్డు పక్కన కారులో తెచ్చి ఇచ్చారు, వ్యాక్సిన్ వేశామన్నారు. నాలుగు రోజులు బాగా ఆడింది, ఐదో రోజు వాంతులు, రక్త విరేచనాలు, ఏడో రోజు పోయింది. నంబర్ స్విచాఫ్. షాపులో కొనుంటే ఇలా జరిగేది కాదా? ఇంకో పిల్లని తెచ్చుకోవచ్చా? - పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: చాలా బాధగా ఉందమ్మా, పిల్లలు ఇంకా అడుగుతున్నారని రాశారు, ఏం చెప్పాలో నాకూ తెలీదు. మీరు రాసిన లక్షణాలు కుక్కపిల్లల్ని చంపే పార్వో అనే వైరస్ జబ్బు లాగే ఉన్నాయి, పరీక్ష చేస్తేగానీ ఖాయంగా చెప్పలేం అనుకోండి. పార్వో వైరస్ ఒంట్లో చేరాక బయటపడటానికి మామూలుగా మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది, అంటే మీ చేతికిచ్చిన రోజు అది నిజంగానే హుషారుగా ఉంది, మీరేదో తప్పు చేశారని అనుకోకండి. పిల్ల మీ ఇంటికి రాకముందే అంటుకుని ఉండే అవకాశం ఎక్కువ.

వ్యాక్సిన్ వేశామన్నది అబద్ధం కాకపోవచ్చు కూడా. ఒక్క డోసుతో అయిపోదు, ఆరు ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేయించాలి, ఎందుకంటే తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ ఉన్నంతకాలం అది వ్యాక్సిన్ని పనిచేయనివ్వదు, ఆ రక్షణ ఏ వారం తగ్గుతుందో పిల్లపిల్లకీ తేడా.

షాపులో కొనుంటే జరిగేది కాదా అంటే, జరిగేది. ఒక షాపువాడిగా చెప్తున్నా, నాలుగు చోట్ల నుంచి వచ్చిన పిల్లల్ని ఒకే అద్దం వెనక పెడితే పార్వోకి అంతకంటే ఏం కావాలి. నా దగ్గరా ఒకసారి వరసగా పోయాయి, మొత్తం కడిగించి నెల రోజులు ఆ గది మూసేశా. కానీ ఒక్క తేడా ఉంది, మీరు ఏడ్చుకుంటూ నా షాపుకి వచ్చేవాళ్లు, నేను తలొంచుకుని నిలబడేవాణ్ణి, డబ్బులిచ్చానా లేదా తర్వాత సంగతి, నిలబడటానికి ఒక కౌంటర్ ఉండేది. షాపులు మూతపడ్డాయని సంతోషించేవాళ్లకి నేను చెప్పేది ఇదే, అమ్మకం ఆగలేదు, కౌంటర్ పోయింది, అదే పిల్ల అదే చోటి నుంచి ఇప్పుడు రోడ్డు పక్కన కారులో వస్తోంది. అందుకే ఇంగ్లండ్ వాళ్లు తల్లిని చూపించమన్నది.

ఇంకో పిల్ల సంగతి, తొందరపడకండి. ఆ వైరస్ ఇంట్లో, పెరట్లో నెలల తరబడి బతుకుతుంది, మామూలు సబ్బు నీళ్లకి చావదు. గచ్చు ముందు శుభ్రంగా కడిగి ఆ తర్వాత బ్లీచ్ కలిపిన నీళ్లు పోసి పది నిమిషాలు నానబెట్టాలి, పరుపు, బొమ్మలు పారేయడమే మంచిది. వ్యాక్సిన్లు పూర్తయిన పెద్ద కుక్కని షెల్టర్ నుంచి తెచ్చుకుంటే మీకున్న పరిస్థితిలో అన్నిటికంటే నయం, మీ దగ్గరి పశువైద్యుణ్ణి అడిగే తెచ్చుకోండి. పిల్లే కావాలంటే మాత్రం పుట్టిన ఇంటికి వెళ్లి తల్లిని చూడండి, పిల్లలు తల్లి దగ్గరికి పోతున్నాయా, తల్లి వాటిని నాకుతోందా గమనించండి, ఎందుకంటే అద్దెకి తెచ్చిన తల్లిని చూపించేవాళ్లు కూడా ఉన్నారు. "తల్లి ఇక్కడ లేదు, మేమే తెచ్చిస్తాం" అన్నారా, అక్కడితో ఫోన్ పెట్టేయండి.

ప్రశ్న: కుక్కలకి ఇన్ని రూల్స్, మరి చేపల్ని మాత్రం షాపుల్లో ఇంకా కవర్లో కట్టి ఇస్తూనే ఉన్నారు, అవి ప్రాణులు కావా? - ఒక అక్వేరియం పిచ్చోడు

జవాబు: పిచ్చోడు అని మీరే రాసుకున్నారు, నేనూ ఆ పార్టీనే తమ్ముడూ. చేప అరవదు, అదే దాని ఖర్మ. మంచినీటి రంగు చేపల్లో ఎక్కువ శాతం చెరువుల్లో పెంచినవే, సముద్రపు చేపలు మాత్రం చాలావరకు పట్టి తెచ్చినవి, కొన్ని దేశాల్లో పగడపు దిబ్బల్లో సైనైడ్ చల్లి చేపల్ని మత్తెక్కించి పట్టిన చరిత్ర ఉంది, అలా పట్టినవి షాపుదాకా వచ్చి తర్వాత చచ్చిపోతాయి. పట్టి తేవడం అంతా చెడ్డదే అనీ అనలేం, బ్రెజిల్లో రియో నీగ్రో నది దగ్గర బార్సెలోస్ అనే ఊరు కార్డినల్ టెట్రా చేపలు పట్టుకునే బతికింది, ఆ చేప కావాలంటే అడవి నిలవాలి, కాబట్టి వాళ్లకి అడవితో పని. చెరువుల్లో పెంచడం పెరిగాక ఆ ఆదాయం పడిపోయింది. ఏది మంచో ఒక్క మాటలో తేల్చలేను.

కానీ షాపుల్లో నిజంగా జరిగే మోసం వేరే, తొట్టి, చేప ఒకే రోజు అమ్మడం. కొత్త తొట్టిలో చేప విడిచే అమ్మోనియాని తినే బాక్టీరియా ఉండదు, అది పెరిగి అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే స్థితికి రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆలోపు చేప తన మలమూత్రాల్లోనే ఉక్కిరిబిక్కిరి అయి చస్తుంది, కొన్నవాడు "నాకు చేపలు అచ్చిరావు" అనుకుంటాడు. అచ్చిరాకపోవడం ఏమీ లేదు, ఖాళీ తొట్టి అమ్మి నెల తర్వాత రమ్మనే షాపువాడు దొరకలేదు అంతే. అలా రమ్మన్నవాడు దొరికితే వాణ్ణి వదులుకోకండి. బెట్టా చేప చిన్న కప్పులో బతుకుతోంది కదా అంటారు, అది పైకొచ్చి గాలి పీల్చగలదు కాబట్టి చావట్లేదు, బతకడం వేరు చావకపోవడం వేరు.

ప్రశ్న: మా మామయ్యది పాతికేళ్ల పెట్ షాప్. పక్షులు, గినీ పిగ్స్, కుక్కపిల్లలు. మూసేయాలా? నన్ను చూసుకోమంటున్నారు. - ఓ మేనల్లుడు

జవాబు: మూయక్కర్లేదు, కుక్కలు పిల్లులు మాత్రం ముందు ఆపేయండి. అద్దం వెనక ఆ ఖాళీ చోటుని వారానికో రోజు ఏదైనా షెల్టర్‌కి ఇవ్వండి, వాళ్ల కుక్కల్ని తెచ్చి చూపించుకుంటారు. అమెరికాలో పెట్‌స్మార్ట్ లాంటి పెద్ద గొలుసు స్టోర్లు కుక్కపిల్లల్ని అమ్మకుండా ఇలాగే అడాప్షన్‌కి చోటిచ్చి పెరిగాయి, పెంచుకున్నవాడు ఫీడు అక్కడే కొంటాడు, అంటే పాత ఎరే, కాకపోతే ఈసారి ఏ తల్లికుక్క నడుమూ వంగదు. ఆన్‌లైన్‌తో బస్తా ధరలో పోటీ పడలేరు, అది మర్చిపోండి. మామయ్య బుర్రలో ఉన్నది అమ్మండి, గోళ్లు కత్తిరించడం, తొట్టి సెట్ చేసివ్వడం, ఊరెళ్లేవాళ్ల పక్షుల్ని చూసుకోవడం, ఇవి కొరియర్‌లో రావు.

గినీ పిగ్స్ ఉంచేట్టయితే ఆడా మగా గుర్తుపట్టడం నేర్చుకోండి ముందు. నా మొదటి ఏడాదిలో "రెండూ ఆడవే" అని గట్టిగా చెప్పి ఒకావిడకి ఇచ్చా, రెండున్నర నెలలకి ఆవిడ ఐదింటిని బుట్టలో పెట్టుకుని షాపుకొచ్చింది. ఒక్కదాన్నే అమ్మకండి కూడా, అవి గుంపులో బతికేవి, స్విట్జర్లాండ్‌లో అయితే ఒంటరిగా పెంచడం 2008 నుంచి చట్టరీత్యా తప్పే.

ప్రశ్న: రామచిలుకని పెంచుకుంటే తప్పా? షాపులో ఇస్తామంటున్నారు. - ఒక పాఠకురాలు

జవాబు: తప్పేనమ్మా. భారత్‌లో 1972 వన్యప్రాణి చట్టం కింద అది రక్షిత పక్షి, అమ్మినా కొన్నా నేరం. ఇస్తామన్నవాడి దగ్గర బడ్జీలు అనే చిన్న చిలకలు కూడా కొనకండి, అవి ఆస్ట్రేలియా జాతి, పంజరాల్లో పుట్టి పెరిగినవి, ఆ చట్టం వాటికి వర్తించదు, కానీ దొంగచాటుగా చిలకని అమ్మేవాడు మిగతావాటిని ఎలా చూస్తాడో నాకు తెలుసు.