పట్టేసిన ఇంజన్‌కి ముందు కారణం వెతుకు, అల్లుడూ

చి. అల్లుడికి,

అక్క ఫోన్ చేసి చెప్పింది. మీ నాన్న యమహా ఆర్‌ఎక్స్ 100 బండిని షెడ్డులోంచి తీసి, కడిగి, పెట్రోల్ పోసి, నాలుగు కిక్కులకే స్టార్టయిందని మిట్టమధ్యాహ్నం కావలికి బయల్దేరావట. రాజుపాళెం దాటాక లోపల పిస్టన్ బిగుసుకుపోయి ఇంజన్ పట్టేసిందట. హైవే మీద వెనక చక్రం బిగుసుకున్నా కింద పడలేదు, అదే పదివేలు. ఇప్పుడు ఎవరో మెకానిక్ 'కొత్త పిస్టన్, రింగులు వేసేస్తే సాయంత్రానికి బండి నీదే' అన్నాడని కూడా చెప్పింది. ఒప్పుకోవద్దు. పిస్టన్ మార్చడం బ్రహ్మవిద్యేం కాదు. ఎందుకు పట్టేసిందో తేలకుండా మారిస్తే మాత్రం కొత్త పిస్టన్ కూడా అక్కడిదాకానే వస్తుంది.

ముందు ఆ కిక్ కొట్టడం ఆపు. చల్లారాక ఇంజన్ వదిలిందని మళ్లీ స్టార్ట్ చేసి చూస్తారు చాలామంది. పిస్టన్ నుంచి కరిగిన అల్యూమినియం బ్లాకు (పిస్టన్ ఆడే సిలిండర్) గోడకి అంటుకుని ఉంటుంది. అది రింగుల్ని ఇరికించేస్తుంది, బ్లాకుని ఇంకా గీరేస్తుంది. వదలకపోతే ప్లగ్ తీసి కాస్త డీజిల్ పోసి ఒక రాత్రి వదిలెయ్యి. తెల్లారి టాప్ గేర్‌లో పెట్టి వెనక చక్రాన్ని మెల్లగా ముందుకీ వెనక్కీ ఆడించు. సుత్తి జోలికి పోవద్దు.

హెడ్ నట్లు నాలుగూ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా వదులు చెయ్యి. బ్లాకుని నిటారుగా పైకి లాగు. సగం లేవగానే కింద క్రాంక్ కేసు (క్రాంక్ తిరిగే పెట్టె) నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కు. పిస్టన్ పిన్ను జారకుండా పట్టే సర్‌క్లిప్ ఎగిరి అందులో పడిందంటే దాన్ని వెతకడానికే ఒక పూట పోతుంది.

ఇప్పుడు పిస్టన్ చేతిలోకి తీసుకుని వెలుతుర్లో తిప్పి చూడు. జరిగిందంతా దాని ఒంటి మీదే ఉంటుంది. గీతలు సైలెన్సర్ వైపు మాత్రమే ఉంటే విపరీతంగా వేడెక్కింది: పెట్రోల్ చాలలేదు, లేదా ఆయిల్ తక్కువైంది. చుట్టూ నాలుగు మూలలా నిలువు గీతలుంటే పిస్టన్‌కీ బ్లాకు గోడకీ మధ్య గ్యాప్ టైటు, లేదా ఇంజన్ వేడెక్కకుండానే రేజ్ చేశావు. చుట్టూరా గీరుకుని ఉంటే ఆయిల్ అసలు అందలేదు. పైన అంచు కరిగినా, నడుమ చిల్లు పడినా టైమింగ్ (ప్లగ్ నిప్పురవ్వ వేసే సమయం) మీద, ప్లగ్ మీద అనుమానపడాలి. ప్లగ్ కూడా పక్కనే పెట్టుకో. గోధుమ రంగుంటే సరే. తెల్లగా మాడి ఉంటే ఇంజన్‌లోకి పెట్రోల్ కన్నా గాలి ఎక్కువ పోతోందని అర్థం.

నీ బండి విషయంలో నా అనుమానం ఆ గాలి మీదే. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే, రైలు కట్ట కోసుకుపోయినప్పుడు ఈ బండి మీ షెడ్డులో నీళ్లలో ఉంది. బావ నీళ్లు వంచి, ఆరబెట్టి, స్టార్ట్ చేసి పక్కన పెట్టాడు. అప్పట్నుంచి కదల్లేదు. టూస్ట్రోక్ ఇంజన్‌లో పెట్రోలు, గాలి కలిసి ముందు క్రాంక్ కేసులోకే వస్తాయి. అక్కడ రెండు పక్కలా ఉండే ఆయిల్ సీళ్లు ఏళ్ల తరబడి ఎండి గట్టిపడితే మాగ్నెట్ (కరెంటు పుట్టించే చక్రం) వైపు నుంచి దొంగ గాలి లోపలికి లాగుతుంది. కార్బొరేటర్ ఎంత సెట్ చేసినా లాభం లేదు. క్లచ్ వైపు సీలు పోతే గేర్ ఆయిల్ లాగి సైలెన్సర్‌లో తెల్ల పొగ వదులుతుంది. కార్బొరేటర్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే రబ్బరు పైపు వంచి చూడు, పగుళ్లు కనిపిస్తే పారెయ్యి. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు కదా, పాత రబ్బర్లకి అదీ మంచిది కాదు. ట్యాంకులో నిలవున్న పెట్రోల్ ఒక్క చుక్క కూడా వాడకు.

గేర్ ఆయిల్ వంచి చూడు. మజ్జిగలా ఉంటే నీళ్లు ఇంకా లోపలే ఉన్నాయి. పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కన్‌రాడ్‌ని పట్టుకుని నిలువుగా పైకీ కిందకీ లాగి చూడు. పక్కలకి కొంచెం ఆడితే పర్లేదు, నిలువు ఆట ఒక్క పిసరు కూడా ఉండకూడదు. మాగ్నెట్‌ని చేత్తో మెల్లగా తిప్పు. ఇసక నలిగినట్టు గరగరమంటే బేరింగులు తుప్పు పట్టాయి. ఈ రెండింట్లో ఏది ఉన్నా ఇంజన్ మొత్తం విప్పాల్సిందే. క్రాంక్ ప్రెస్ చెయ్యడం (విడదీసి మళ్లీ బిగించడం) ఇంట్లో పని కాదు. డయల్ గేజ్ పెట్టి సరిచూసే లేత్ వాడికే ఇవ్వు, కంటితో చూసి 'కరెక్టే సార్' అనేవాడికి కాదు.

బోర్ సంగతి. ఈ ఇంజన్ బోరు (బ్లాకు లోపలి వెడల్పు) 50 మిల్లీమీటర్లు, స్ట్రోకూ (పిస్టన్ ఆడే దూరం) 50. పెద్ద సైజు పిస్టన్లు పావు మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ దొరుకుతాయి. బ్లాకు లేత్ వాడికి చూపించి, గీతలు ఎంతలో పోతాయో కొలిపించు. ఆ తర్వాత పిస్టన్ కొను. పిస్టన్ వాడి చేతిలో పెట్టాకే బోర్ కొట్టాలి, ఎందుకంటే గ్యాప్ ఆ పిస్టన్‌కి కొలిచి ఇవ్వాలి. 'ఒకేసారి పెద్ద సైజుకి వెళ్దాం, పికప్ బాగుంటుంది' అని ఆశ పెడతారు. వినకు. గీతలు పోయే చిన్న సైజే నీకు కావాలి. ఈ బండి తయారీ 1996లోనే ఆగిపోయింది, ఒరిజినల్ బ్లాకులు దొరకడం గగనం. అందుకే బ్లాకు అక్కడ వదిలి రావద్దు, పక్కన కూర్చుని చేయించుకో. మార్చేసి వేరేది ఇచ్చినా నీకు తెలియదు.

బ్లాకు తీసుకునేటప్పుడు లోపల పోర్టుల (గాలి, పొగ పోయే కన్నాల) అంచులు వేలితో తడుము. కొత్తగా బోర్ కొట్టిన అంచు బ్లేడులా ఉంటుంది. దాన్ని సన్నగా అరగదీయకపోతే రింగు అక్కడ తగులుకుని విరుగుతుంది. చాలా లేతుల్లో ఈ పని అడిగితే గానీ చెయ్యరు. ఇంటికొచ్చాక వేడినీళ్లు, సబ్బుతో కడుగు. తెల్లగుడ్డతో తుడిస్తే మరక పడనంతవరకూ కడిగి, వెంటనే టూటీ (టూస్ట్రోక్ ఇంజన్) ఆయిల్ పుయ్యి. మన ఉప్పుగాలికి పూట తిరక్కుండానే తుప్పు ఎక్కుతుంది.

బిగించేటప్పుడు పిస్టన్ మీద బాణం గుర్తు సైలెన్సర్ వైపు ఉండాలి. రింగుల చివర్లు పిస్టన్‌లోని పిన్నుల దగ్గర కూర్చోవాలి. రింగుని ముందు ఉత్త బ్లాకులో పెట్టి ఫీలర్ గేజ్‌తో చివర్ల మధ్య సందు చూడు, సుమారు 0.2 మిల్లీమీటర్లుంటే నాకు తృప్తి. సర్‌క్లిప్‌లు, గాస్కెట్లు, సీళ్లు అన్నీ కొత్తవే.

అంతా బిగించాక ఒక్క పరీక్ష చెయ్యి. కార్బొరేటర్, సైలెన్సర్ బిగించే నోళ్లు రెండూ రబ్బరుతో గట్టిగా మూసి, గేజ్ ఉన్న చేతి పంపుతో 6 పీఎస్‌ఐ గాలి ఎక్కించు. అంతకు మించొద్దు, సీళ్లు బయటికొస్తాయి. కాసేపు ముల్లు కదలకుండా నిలబడాలి. దిగితే సబ్బు నురగ రాసుకుంటూ పో, బుడగ ఎక్కడొస్తే అక్కడే దొంగ.

ఇంజన్‌కి టూటీ అందించే ఆయిల్ పంపు తీసేసి, ఆ ఆయిల్‌ని పెట్రోల్లో కలుపుకోమని సలహా ఇస్తారు. పంపు బాగుంటే ఉంచు. పైపులో గాలి బుడగలు లేకుండా బ్లీడ్ చేసి, కేబుల్ గుర్తు సరిచూస్తే చాలు. మొదటి ట్యాంకుకి మాత్రం పంపు ఉన్నా లీటరుకి 20 ఎంఎల్ టూటీ కలుపు. మంచిదే కదా అని గుప్పించకు. ఆయిల్ ఎక్కువైతే ఆ మేరకు పెట్రోల్ తగ్గుతుంది, మళ్లీ వేడే.

మొదటి 500 కిలోమీటర్లు ఊళ్లోనే తిరుగు. హైవే మీద ఒకే స్పీడులో లాగించడం, టాప్ గేర్‌లో మూలిగించడం రెండూ వద్దు. రెండు వేళ్లు ఎప్పుడూ క్లచ్ మీదే ఉండాలి. ఇంజన్ గొంతు మారి బండి వెనక్కి లాగినట్టు అనిపించిన క్షణం క్లచ్ నొక్కెయ్యి.

ఇంకొకటి. క్రాంక్ కేసు మీదున్న ఇంజన్ నంబరూ ఆర్‌సీలో నంబరూ ఒకటే ఉండాలి. కేసు మార్చమంటే ససేమిరా అను. ఆర్‌సీ గడువు కూడా చూసుకో, పదిహేనేళ్లు దాటిన బండికి అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి.

బ్లాకు తియ్యగానే పిస్టన్ నాలుగు వైపులా, ప్లగ్ ఒకటి ఫోటోలు తీసి పంపు. అవి చూసి నేను ఫోన్ చేసేదాకా ఏ సామానూ కొనొద్దు.

మీ మామ,
కావలి