పొందూరు ఖాదీ అమ్మే సైట్‌కి వేరే సైట్ల నుంచి లింకులు రావాలంటే ఏం పెట్టాలి?

ధరల పేజీకి ఎవరూ ఊరికే లింకివ్వరు. రాసేవాళ్లకి పనికొచ్చే పేజీ ఒకటి ఉండాలి. వాలుగ చేప దవడతో పత్తి శుభ్రం చేయడం మొదలు నేత దాకా వరుసగా ఫొటోలు తీసి, ఒక్కోదాని కింద రెండు వాక్యాలు రాయండి. దవడలోని సన్నని పళ్లు దువ్వెనలా పత్తిలోంచి నలకలు లాగడం దగ్గర నుంచి కనబడాలి. ఎక్కువమంది అడిగేది ఆ ఫొటోనే. "మా పేజీకి లింకిచ్చి వాడుకోవచ్చు" అని అక్కడే రాయండి, లేకపోతే ఫొటో ఒక్కటే తీసుకుపోతారు, లింకు రాదు. తర్వాత చేనేత గురించి రాసేవాళ్లకి విడివిడిగా మెయిల్ పెట్టండి. వాట్సాప్ ఫార్వర్డులు ఎన్నయినా గూగుల్ చూసే లింకుల లెక్కలోకి రావు. సెర్చ్‌లో పైకి రావడానికి కొన్న లింకులైతే గూగుల్ నిబంధనలకే విరుద్ధం. పేజీ అడ్రస్ మార్చాల్సొస్తే 301 రీడైరెక్ట్ (పాత అడ్రస్‌కి వచ్చినవాళ్లని శాశ్వతంగా కొత్తదానికి పంపే ఏర్పాటు) పెట్టండి. మరిచిపోతే పాత లింకులన్నీ 404కి, అంటే "పేజీ దొరకలేదు" అనే ఎర్రర్‌కి పోతాయి.